పరమేష్ స్టూడియోలో కంచె చప్పుడు

పరమేష్‌కు చెవులు ఎక్కువ. మెచ్చుకుంటూ అనడం లేదు, విసుగుతోనే అంటున్నాను. అతనితో కూర్చుని ప్రశాంతంగా టీ తాగలేం. మన ఇంటి గోడు మనం చెప్పుకుంటూ ఉంటే మధ్యలో చెయ్యి ఎత్తి, "జర ఆగన్నా" అంటాడు. హోటలు ఫ్యాను బేరింగు అరిగిపోయిందట. ఇక మన గోడు పక్కకు పోయి ఫ్యాను గోడు మొదలవుతుంది.

నా పేరు దివాకర్. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఫ్లెక్సీల దుకాణం నాది. పెళ్ళిళ్ళకూ, పుట్టినరోజులకూ, పోయినవాళ్ళకూ బొమ్మలు నేను వేస్తాను. వాటికే మాటలు పరమేష్ చెప్పిస్తాడు. ఆటోకు మైకు కట్టుకుని వీధి వీధి తిరిగే ప్రచారాలు ఉంటాయి కదా, మా వైపు వినిపించే ఆ గొంతుల్లో సగం అతని ఇంటి వెనక గదిలో పుట్టినవే. అలా కలిసింది మా స్నేహం. నాకంటే చిన్నవాడు, నన్ను అన్న అంటాడు.

పరమేష్ తండ్రి ఎల్లస్వామికి సొంత భూమి లేదు. ఒకరి పొలం పాలుకు చేసి, పండినదాంట్లో సగం వాళ్ళకు కొలిచి, మిగతా సగంతో ఇల్లు నడిపి, అలాగే పోయాడు. తల్లి ఈదమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తుంది. చిన్నప్పుడు పరమేష్ ఆమె వెంట వెళ్ళి ప్రార్థన వినేవాడు కాదు, మైకు వినేవాడు. పాస్టరు గొంతు పెంచినప్పుడల్లా స్పీకరు కుయ్యిమనేది. ఒక ఆదివారం ఈ పిల్లవాడు లేచి వెళ్ళి స్పీకరును అవతలికి తిప్పాడు. కుయ్యిమనడం ఆగిపోయింది. వీడి తలరాత ఆ రోజే ఖాయమైందని ఈదమ్మ అంటుంది. ఇంటరు అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టూడియోలో చేరి కొన్నేళ్ళు వైర్లు చుట్టాడు, ఇంకొన్నేళ్ళు మిక్సరు ముందు కూర్చున్నాడు. ఆ స్టూడియో మూతపడ్డాక ఊరికి వచ్చి, బర్రెల కొట్టం తీసేసి గది కట్టాడు. గోడలకు తల్లి కుట్టిన పాత బొంతలు వేలాడదీశాడు. బొంత చప్పుడును మింగుతుందట. మేము దానికి బొంతల స్టూడియో అని పేరు పెట్టాం. ఎండాకాలం అందులో కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు, ఎందుకంటే రికార్డింగ్ నడిచేటప్పుడు ఫ్యాను వెయ్యనివ్వడు.

అతని అసలు పని పాటలూ ప్రచారాలూ కాదు, చప్పుళ్ళను వేటాడటం. పక్కింటి మోటరు చప్పుడు, పెంకుల మీద పిల్లి నడిచిన చప్పుడు, ఇవన్నీ మనకూ వినపడతాయి. అతని పగ వేరే వాటి మీద. చెవికి తగలకుండా గాలిలో తిరిగి, వైరులోంచి దూరి, రికార్డింగులో తేలే చప్పుళ్ళు. ఒకసారి ఎవరిదో దశదినకర్మ ప్రచారం చేశాడు. అంతా అయ్యాక వింటే, "స్వర్గీయ" అన్న మాట కింద సన్నగా ఇంకో గొంతు, వంకాయ తోటలో పురుగు మందు ఎలా కొట్టాలో చెబుతోంది. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం. మైకు వైరు ఆ రేడియోను పట్టేసింది. చనిపోయినాయన వంకాయ తోట రైతే. ఆయన భార్య ఆ ముక్క విని, "మా ఆయననే ఏదో చెప్తున్నడు, దాన్ని తియ్యకున్రి" అని పట్టుబట్టి ఏడ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. పరమేష్ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. ఆమె వెళ్ళాక వైర్లన్నీ మార్చాడు, పెరట్లో గుంత తవ్వి ఉప్పూ బొగ్గూ వేసి కొత్తగా ఎర్తింగ్ చేశాడు. రేడియో పోయింది. గదిలోకి వచ్చేవాళ్ళ ఫోన్లు సిగ్నల్ పట్టినప్పుడల్లా స్పీకర్లో బుర్రుమంటున్నాయని, వంటింట్లో ఖాళీ బియ్యం డబ్బా పెట్టి, ఎవరి ఫోనైనా అందులో వేసి రావాల్సిందేనని చట్టం చేశాడు. సర్పంచి వచ్చినా డబ్బాలో వెయ్యాల్సిందే.

ఆ తర్వాత కంచె వచ్చింది.

కొంగరకలాన్‌లో కలెక్టర్ ఆఫీసు కట్టినప్పటి నుంచి మా వైపు మట్టికి పిచ్చి పట్టింది. నిన్నటి దాకా వరి ఉన్న చోట ఇవాళ రంగు రాళ్ళు. పరమేష్ వాళ్ళ గల్లీ వెనక ఉన్న పొలాలను మహేశ్వర్ అనే ఆయన కొని వెంచర్ వేశాడు. మా ఊరివాడే. మర్యాదగా మాట్లాడతాడు, ఎదురైతే ఆగి పలకరిస్తాడు. ఆ పొలాలను తరతరాలుగా పాలుకు చేసినవాళ్ళ పిల్లలు కొందరు మాకూ హక్కు ఉందని కోర్టుకు వెళ్ళారు. ఒక రోజు జెండాలు పాతడానికి కూడా వచ్చారు. ఆ వారంలోనే చుట్టూ సోలార్ కంచె వచ్చేసింది, ముట్టుకుంటే షాక్ కొట్టేది. పందుల కోసమని బోర్డు పెట్టారు. ఏ పందుల కోసమో ఊరందరికీ తెలుసు.

ఆ కంచెలో కరెంటు ఏకధాటిగా పారదు. గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి కొడుతుంది. కొట్టినప్పుడల్లా పరమేష్ స్పీకర్లో టిక్కు. ఎర్తింగ్ మార్చినా టిక్కు. కరెంటు తీసేసి బ్యాటరీ మీద నడిపినా టిక్కు. ఆటో ప్రచారాలకు అది అడ్డం కాలేదు. వెనకాల డప్పులు పెట్టి, దరువు పెట్టి, ఆ చప్పుడును కప్పేసేవాడు. అలా కప్పుకుంటూ కాలం గడుపుతుండగా యాదలక్ష్మి గొంతులో గడ్డ బయటపడింది.

యాదలక్ష్మి ఈదమ్మ చెల్లెలు, పరమేష్‌కు చిన్నమ్మ. పెనిమిటి లేడు, పిల్లలు లేరు, అక్క ఇంట్లోనే ఉంటుంది. మా వైపు నాట్ల కాలంలో ఆమె రాకుండా ఆడవాళ్ళు బురదలో కాలు పెట్టేవారు కాదు. ఆమె ముందు పాడాలి, మిగతావాళ్ళు వెనక అందుకోవాలి. ఆమె పాటల్లో ఒకదాన్ని మళ్ళ పాట అనేవారు. తూము దగ్గర మొదలుపెట్టి, నీళ్ళు పారిన దారిన, ఒక్కొక్క మడినీ పేరు పెట్టి పిలుస్తూ పోయే పాట. ఏ మడి ఎవరు దున్నారో, ఎవరి చెయ్యి ఎలాంటిదో, ఎవరికి ఏం లేదో అన్నీ అందులో ఉంటాయి. వెనక పాడేవాళ్ళకు "చెల్లె" అనడం తప్ప ఏమీ రాదు. ముందు వరస మొత్తం ఆమె ఒక్కదాని నోట్లోనే ఉంది. ఆ మళ్ళే ఇప్పుడు కంచె లోపల నంబర్లు వేసుకుని కూర్చున్నాయి.

దవాఖానలో డాక్టరు నిజం దాచలేదు. గొంతుపెట్టె తీసెయ్యాలి, ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు అన్నాడు. ఆపరేషన్‌కు తారీఖు కూడా ఇచ్చాడు. వారం కూడా లేదు. ఇంటికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఈదమ్మ ఏడుస్తోంది. యాదలక్ష్మి ఏడవలేదు.

"మాట పోతే పోనీ కొడుకా, సైగలు చేస్త" అంది పరమేష్‌తో. "మళ్ళ పాట ఒక్కటి నీ డబ్బల ఎయ్యి."

పరమేష్ మొహం చిన్నబోయింది. ఊళ్ళో కిరాణా దుకాణం ప్రారంభాన్నీ, లడ్డూ వేలాన్నీ, బోరు మోటర్ల రిపేరునూ రికార్డు చేసిన మనిషి, పక్క గదిలో పడుకునే చిన్నమ్మను ఎన్నడూ మైకు ముందు కూర్చోబెట్టలేదు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం నా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"మా బాపు పేరు ఏ కాయితంల లేదన్నా" అన్నాడు. "పహాణీల లేదు, పాస్‌బుక్కుల లేదు. దున్నినంత కాలం దున్నిండు, పోయిండు. గా పాటల ఉన్నడు. గంతే."

మర్నాడు పొద్దున ఆమెను బొంతల గదిలో కూర్చోబెట్టాడు. గడ్డ వచ్చాక ఆమె గొంతు చాలా తగ్గిపోయింది. చెవి దగ్గర గుసగుసలాడినట్టు ఉంటుంది. అంత సన్నని గొంతు పట్టాలంటే మైకు ఎంతో పెంచాలి. పెంచితే కంచె కూడా పెరిగింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్న యాదలక్ష్మి ఆశ్చర్యపోయి, "ఎవలో చిటికెలేస్తున్నరు కొడుకా" అంది. పైగా ఆ చిటికెను దరువు అనుకుని దానితో కలిపి పాడటం మొదలుపెట్టింది. పాడేవాళ్ళకు అది అలవాటు కదా, ఎక్కడ దరువు వినపడితే అక్కడ కాలు పడుతుంది. కానీ కంచె దరువు మెల్లనిది. దానికోసం ఆగి ఆగి పాడేసరికి ఊపిరి చాలక దగ్గు వచ్చింది. హెడ్‌ఫోన్ తీసేసి మళ్ళీ పాడించాడు. ఈసారి బాగా వచ్చింది, నాలుగైదు మళ్ళ దాకా పాడింది. పరమేష్ దాన్ని విని, టిక్కులు తీసెయ్యబోయాడు. టిక్కును కోస్తే దానితో పాటు అక్షరం తెగుతోంది. మల్లవ్వ మడి కాస్తా "మ వ్వ మడి" అయింది.

మొత్తం చెరిపేశాడు.

"ఎందుకు చెరిపినవ్ రా?" అన్నాను.

"ఖరాబైంది ఉంచుకోనన్నా నేను. ఉంచుకుంటే గదే చాలనిపిస్తది."

"మరి ఫోన్ల రికార్డు జెయ్యి."

నా వైపు చాలా కోపంగా చూశాడు. "ఫోన్ల ఆమె గొంతు కంటే ఎదురింటి మోటరు ఎక్కువొస్తది. ఊరందరికీ సాఫ్‌గ జేసిచ్చిన. మా చిన్నమ్మకు గిట్లాంటిది ఇయ్యాల్నా?"

నగరంలో తెలిసిన స్టూడియో ఒకటి ఉంది కానీ అది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆమె గడప దాటితేనే ఆయాసపడుతోంది. ఇక మిగిలింది కంచె దగ్గరికి వెళ్ళడమే.

పాత ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి పట్టుకుని, ఏ స్టేషనూ రాని చోట ముల్లు నిలిపి, కంచె పొడుగునా నడిచాడు పరమేష్. నేనూ వెంట వెళ్ళాను. నడిచేకొద్దీ రేడియోలో టిక్కు పెరుగుతూ, ఒక మూల పాతిన రాతి కడీ, అంటే రాతి గుంజ, దగ్గర చెవి పగిలేంత అయింది. చూస్తే అక్కడ తీగను నిలబెట్టే ఇన్సులేటర్ పగిలిపోయి ఉంది. దాని బదులు సైకిలు ట్యూబు ముక్క చుట్టారు. ట్యూబు చిరిగి, తీగ రాయికి తగులుతూ ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేస్తోంది. ఊరంతా గాలిలో చల్లుతున్న చప్పుడు అదే. ఒక్క గంట కంచె ఆపితే కొత్త ఇన్సులేటర్ పెట్టొచ్చు, లేదా ఆ గంటలోనే పాట అయిపోతుంది.

కావలి ఉండే ఐలేష్ పరుగెత్తుకొచ్చాడు. మాకు తెలిసినవాడే. "పరమేషన్నా, ముట్టకు. కెమెరా ఉన్నది. సార్ చూస్తే నా నౌకరి పోతది" అన్నాడు. సంగతి చెబితే తల గోక్కున్నాడు. "సార్‌నే అడుగున్రి. బంద్ పెట్టుడు నా చేతుల లేదు."

మహేశ్వర్ ఆఫీసులో చల్లగా ఉంది. మమ్మల్ని కూర్చోమన్నాడు, నీళ్ళు తెప్పించాడు. పరమేష్ అంతా వివరంగా చెప్పాడు, నిప్పురవ్వ, మైకు, చిన్నమ్మ గొంతు, ఆపరేషన్. మహేశ్వర్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నాడు. విన్నాక మెల్లగా అడిగాడు.

"ఎవలు పంపిన్రు తమ్మీ నిన్ను?"

పరమేష్‌కు అర్థం కాలేదు. "ఎవలు పంపలేదన్నా."

"గంట సేపు కంచె బంద్ పెట్టుమంటివి. గా గంటల ఎవలన్న లోపట జొచ్చి జెండాలు పాతుతరు, గుడిసె ఏస్తరు. రేపు కోర్టుల మేమే ఉన్నమంటరు. పాట కోసం కంచె బంద్ పెట్టిన్రని ఎవలన్న నమ్ముతరా? నువ్వే చెప్పు."

నిజంగానే ఎవరూ నమ్మరు. మా ఊరు అలా తయారైంది. ఇక్కడ ఎవరైనా ఎవరినైనా ఏదైనా అడిగితే, దాని వెనక ఎన్ని గజాలున్నాయో లెక్క వేస్తాం. పరమేష్ మాటల్లో అబద్ధం లేదు కాబట్టే మహేశ్వర్‌కు అనుమానం గట్టిపడింది. ఇంత చక్కని అబద్ధం ఎవరో తెలివైనవాడు నేర్పి పంపి ఉంటాడని అనుకున్నాడు.

మర్నాడు పరమేష్ చిన్నమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని అదే ఆఫీసుకు తీసుకెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. దవాఖాన చీటీలన్నీ బల్ల మీద పెట్టాడు. మహేశ్వర్ చీటీలు చూడలేదు, ఆమెను చూశాడు.

"మంచిగున్నవా అక్కా?"

"ఏం మంచిగ బిడ్డా. గొంతు తీస్తరట. గంతల ఒక పాట పాడుకుంట అంటున్న" అంది యాదలక్ష్మి.

ఆ బొంగురు గొంతు వినగానే మహేశ్వర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏం పాటక్కా?"

ఆమె దాచుకునే మనిషి కాదు. అక్కడే అందుకుంది.

*తూము కింద తొలిమడి మల్లవ్వది చెల్లె*
*మల్లవ్వ గాజుల్ల మన్నంటె చెల్లె*
*దాని పక్క పొడుగు మడి ఎల్లయ్యది చెల్లె*
*ఎల్లయ్య నాగలికి ఎద్దొకటె చెల్లె*

ఎల్లయ్య అంటే పరమేష్ తండ్రి ఎల్లస్వామే. ఒకటే ఎద్దు ఉండేది, రెండోది అడుక్కొచ్చి దున్నేవాడు. పరమేష్ తల వంచుకున్నాడు. మహేశ్వర్ మొహంలో మాత్రం వేరే సంగతి కనపడింది నాకు. మల్లవ్వ మనవడు కోర్టుకు వెళ్ళినవాళ్ళలో ఒకడు. ఎవరి మడి ఎవరు దున్నారో పేరు పేరునా చెప్పే పాట అది.

కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించి, నవ్వు మొహం పెట్టాడు. "మస్తు గొంతక్కా నీది. ఇంట్ల మనిషి కూసోని చెప్పినట్టున్నది. ఒక పని చేద్దాం. మా వెంచర్ ప్రచారం నీ గొంతుతోని చెప్పు. గది అయినంక నీ పాట నువ్వు పాడుకో. రేపు పొద్దుగాల గంట సేపు కంచె బంద్ పెట్టిస్త. నేనే వస్త."

ఒప్పుకోవద్దని నేను పరమేష్ కాలు తొక్కాను. అతను కాలు తీసుకున్నాడు. యాదలక్ష్మి అప్పటికే సంతోషంగా తల ఊపేసింది.

మర్నాడు పొద్దున్నే అందరం బొంతల గదికి చేరాం. ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో పడ్డాయి, నాది కూడా. మహేశ్వర్ రావడం ఆలస్యమైంది. కంచె ఇంకా కొడుతూనే ఉంది. పరమేష్ హెడ్‌ఫోన్ పెట్టుకుని, టిక్కు ఎప్పుడు ఆగుతుందా అని కళ్ళు మూసుకుని వింటున్నాడు. వరండాలో కూర్చున్న యాదలక్ష్మి, గొంతు ఎట్లున్నదో చూసుకుంటానని అక్కతో చెప్పి, మళ్ళ పాట మొదలుపెట్టింది. తూము నుంచి చివరి మెట్ట చెలక దాకా మొత్తం పాడింది. ఎక్కడా ఆగలేదు, దగ్గు రాలేదు. ఈదమ్మ "చెల్లె" అంటూ అందుకుంది. ఆ పాట మొత్తం వినడం నాకు అదే మొదటిసారి. పక్కన ఎనిమిదడుగుల దూరంలో డబ్బా నిండా ఫోన్లు ఉన్నాయి. ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. పరమేష్ ఒక్కసారి హెడ్‌ఫోన్ తీసి, "చిన్నమ్మా, గొంతు దాసుకో. మైకు ముంగట పాడాలె" అని కేక వేసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

మహేశ్వర్ వచ్చాడు. ఐలేష్‌కు ఫోను చేసి కంచె ఆపమన్నాడు. ఆ ఫోను డబ్బాలో వెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు, బయట డ్రైవరుకు ఇచ్చాడు. టిక్కు ఆగిపోయింది. పరమేష్ కళ్ళు తెరిచి మా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అంత నిశ్శబ్దం ఆ గదిలో చాలాకాలంగా లేదు.

ప్రచారం మొదలైంది. మహేశ్వర్ కాగితం చదివి చెబితే ఆమె అప్పజెప్పాలి. "అమ్మలారా, అక్కలారా, మన ఊరి పక్కన్నే, మన మట్టి మీదన్నే." అంతవరకు బాగుంది. తర్వాత "గేటెడ్ కమ్యూనిటీ" అనాలి. ఆమె "గేటు కమిటీ" అంది. మహేశ్వర్ నవ్వి మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ "గేటు కమిటీ"నే. "కలెక్టరేట్" అనమంటే "కలెక్టరాఫీసు" అంది. "కోహెడ పండ్ల మార్కెట్‌కు కూతవేటు దూరం" అనమంటే, "గక్కడికి కూత ఎట్ల ఇనవడ్తది బిడ్డా?" అని అడిగింది. మొదట్లో మేమూ నవ్వాం. తర్వాత నవ్వు రాలేదు. ఒక మాట సరిగ్గా వస్తే ఇంకో మాట దగ్గర ఆపేవాడు మహేశ్వర్. "కొంచెం సంతోషంగ చెప్పక్కా" అనేవాడు. "ఇంకోసారి, ఇదే ఆఖరు" అనేవాడు. ఆమె నీళ్ళు తాగి మళ్ళీ చెప్పేది. ప్రతిసారీ గొంతు ఒక మెట్టు దిగుతోంది. పరమేష్ రెండుసార్లు, "చాలన్నా, నేను సదురుత" అన్నాడు. మహేశ్వర్ వినిపించుకోలేదు.

చివరికి బాగుందన్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఇగ పాడుకో అక్కా" అని మర్యాదగా చెప్పి బయటికి వెళ్ళాడు.

యాదలక్ష్మి మైకు ముందు సర్దుకుని కూర్చుంది. కొంగు సవరించుకుంది. "తూము కింద" అంది. గాలి వచ్చింది, గొంతు రాలేదు. మళ్ళీ అంది. ఈసారి గాలి కూడా సరిగ్గా రాలేదు. గుటక మింగి, మంచినీళ్ళు తాగి, చెయ్యి ఎత్తి పరమేష్‌ను ఆగమని సైగ చేసి, ఇంకోసారి నోరు తెరిచింది. అప్పుడే స్పీకర్లో టిక్కుమంది.

కావాలనే చేశాడంటాను నేను. గంట నిండగానే కంచె వేయించుకున్నాడు, అందులో తప్పేముంది అంటాడు పరమేష్. ఆ మనిషిని తిట్టడానికి కూడా అతనికి మనసొప్పదు. నాకు మాత్రం కడుపు మండుతుంది. మహేశ్వర్ మీద ఎంత మండుతుందో, చప్పుడు లేని పాట కోసం ఉన్న పాటను చెరిపేసుకున్న ఈ పిచ్చివాడి మీద కూడా అంతే మండుతుంది.

ఆపరేషన్ దాకా ఆమె గొంతు మళ్ళీ లేవలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు చెప్పినట్టే ప్రాణం దక్కింది. పాట మాటలైనా దొరుకుతాయేమోనని ఈదమ్మ ఒక్కొక్క మడి పేరు చెప్పి, అవునో కాదో తల ఊపమని అడిగింది. తొలి రెండు మళ్ళు దాటాక యాదలక్ష్మి తల ఊపడం ఆపేసి కళ్ళు మూసుకుంది. పాట నడుస్తుంటేనే ఆ మాటలు వచ్చేవి. నిలబెట్టి అడిగితే ఆమె దగ్గర కూడా లేవు. వరండాలో మొత్తం విన్న నాకు, ఆఫీసులో పాడిన ఆ నాలుగు ముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. కంచె ఆగిన ఆ గంటలో రికార్డైనవన్నీ మాత్రం పరమేష్ దగ్గర ఉన్నాయి. ఒకరోజు నాకు వినిపించాడు. అద్దంలా ఉంది గొంతు. గేటు కమిటీ, గేటు కమిటీ, గేటు కమిటీ. వాటి మధ్యలో ఒకచోట ఆమె మైకు నుంచి మొహం తిప్పి, మెల్లగా అడిగిన మాట ఒకటి పడింది.

"గిది అయినంక పాటనే కదా కొడుకా?"

అది వినిపించి కంప్యూటర్ ఆపేశాడు. అప్పటి నుంచి కొత్త ప్రచారాలు ఒప్పుకోవడం తగ్గించాడు. పగిలిన ఆ ఇన్సులేటర్ ఇంకా అలాగే ఉంది.

వెంచర్ ప్రచారం మాత్రం ఆగలేదు. పొద్దున ఒక ఆటో, సాయంత్రం ఒక ఆటో, మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతున్నాయి. మహేశ్వర్ చెప్పింది నిజమే, ఇంట్లో మనిషి చెప్పినట్టే ఉంటుంది. జనం ఆగి వింటున్నారు. పరమేష్ వాళ్ళ గల్లీలోకి మాత్రం వెళ్ళొద్దని నేనే ఆటోవాళ్ళకు చెప్పి ఉంచాను.

మొన్న బాలాపూర్ వైపు నుంచి కొత్త డ్రైవరు ఒకతను వచ్చాడు. అతనికి ఈ సంగతి తెలియదు. నేను బండి మీద గల్లీలోకి తిరిగేసరికి ఆటో వాళ్ళ గేటు ముందు ఉంది. "అమ్మలారా, అక్కలారా, మన ఊరి పక్కన్నే, మన మట్టి మీదన్నే" అని యాదలక్ష్మి గొంతు గల్లీ అంతా వినిపిస్తోంది. యాదలక్ష్మి గేటు తీసుకుని బయటికి వచ్చింది. మెడకు తెల్లని గుడ్డ కట్టుకుని ఉంది. చెయ్యి ఎత్తి ఆటోను ఆపింది. స్పీకరును వేలితో చూపించింది. తర్వాత తన మెడ మీద చెయ్యి పెట్టుకుంది, రొమ్ము మీద తట్టుకుంది. ఆమె మొహంలో నవ్వు ఉంది.

డ్రైవరు మంచివాడే. ఆ గుడ్డ చూసి నొచ్చుకున్నాడు.

"లొల్లి ఎక్కువైందా అవ్వా? పాణం బాగలేదా? తెల్వక వచ్చిన, ఏమనుకోకు. బంద్ చేస్తున్న."

స్పీకరు ఆపేశాడు. ఆమె కాదు కాదని తల ఊపింది, మళ్ళీ స్పీకరు వైపు చూపించింది. ఆపాను అవ్వా, ఆపాను అని దండం పెట్టి, చప్పుడు లేకుండా ఆటోను ముందుకు పోనిచ్చాడు. నేను బండికి స్టాండు వేసి చెప్పేలోపే కదిలిపోయాడు. గల్లీ మలుపు తిరిగాక మళ్ళీ పెట్టాడు. యాదలక్ష్మి గేటు పట్టుకుని, అది వినపడినంతసేపూ అక్కడే నిలబడింది.